48 ఫ్రేముల సినిమా: థియేటర్లో హెచ్ఎఫ్ఆర్ షోకి వెళ్లాలా, మామూలు షోనే నయమా?

వెండితెర
హెచ్ఎఫ్ఆర్ (హై ఫ్రేమ్ రేట్), అంటే మామూలు సినిమాలోలా సెకనుకి 24 ఫ్రేములు (బొమ్మలు) కాకుండా 48 లాంటి ఎక్కువ ఫ్రేములు చూపించే పద్ధతి మీద ఎప్పుడు మాటొచ్చినా రెండు ముక్కల్లో తేలిపోతోంది. "టీవీ సీరియల్‌లా ఉంది" అని ఒకరు, "రేపటి సినిమా ఇదే" అని ఇంకొకరు. అలా ఎందుకు అనిపిస్తుందో మాత్రం ఎవరూ చెప్పట్లేదు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఫ్రేములు పెరగడం వల్ల నష్టం లేదు. ఒకే సినిమాలో 24కీ 48కీ మధ్య అటూ ఇటూ మారడమే అసలు ఇబ్బంది. 2022 డిసెంబర్‌లో వచ్చిన ‘అవతార్: ది వే ఆఫ్ వాటర్’ గుర్తు తెచ్చుకోండి. నీటి అడుగున, గాలిలో ఎగిరేటప్పుడు 48. నిలబడి మాట్లాడుకునే చోట 24. నీళ్లలో ఉన్నంతసేపూ కన్నుకి ఏ కష్టమూ తెలియదు. చేపల గుంపు ఒక్కసారిగా పక్కకి మళ్లితే ఒక్కో చేప విడివిడిగా కనిపిస్తుంది. అక్కడి నుంచి 24కి కట్ కాగానే కదలిక గతుక్కుమంటుంది. మామూలు సినిమాలో అదే 24 మనకి ఏమీ అనిపించదు, ఇక్కడ మాత్రం లోపంలా కనిపిస్తుంది. కన్ను కుదురుకునేలోపు మళ్లీ 48.

మొత్తం 48లోనే ఉంటే ఇంకా బాగుండేదని నాకు గట్టిగా అనిపిస్తోంది. మీరేమంటారు?

రీలుపెట్టె
ప్రొజెక్టర్ రూమ్‌లో పనిచేసేవాణ్ణి కాబట్టి ముందు ఒక విషయం చెబుతాను. ఆ హెచ్ఎఫ్ఆర్ షోలో ప్రొజెక్టర్ వేగం మధ్యలో మారదు. డీసీపీ, అంటే థియేటర్‌కి వచ్చే డిజిటల్ సినిమా ఫైలు, మొదటి నుంచి చివరిదాకా 48 ఫ్రేములదే. 24లా కనిపించాల్సిన చోట ఒక్కో ఫ్రేమును వెంటవెంటనే రెండుసార్లు పెడతారు. అంటే మీకు తెలుస్తున్న మార్పు మెషీన్‌లోది కాదు, ఫైలు తయారు చేసినప్పుడే చేసుకున్న నిర్ణయం.

ఒకే బొమ్మను రెండుసార్లు చూపించడం కొత్తేమీ కాదు. ఫిల్ము రోజుల్లో ప్రొజెక్టర్ షట్టర్‌కి రెండు రెక్కలుండేవి. ఒక్కో ఫ్రేము తెర మీద రెండుసార్లు వెలిగేది. ఫ్రేములు 24 అయినా వెలుగు సెకనుకి 48 సార్లు పడేది. మూడు రెక్కలుంటే 72. అలా చేయకపోతే తెర మిణుకుమిణుకుమంటుంది, పది నిమిషాలు కూడా చూడలేరు. కాబట్టి మిణుకు వేరు, కదలికలోని గతుకు వేరు. మొదటిది షట్టర్‌తో పోయింది. రెండోది పోవాలంటే నిజంగా వేరే బొమ్మలు కావాలి. హెచ్ఎఫ్ఆర్ ఇచ్చేది అదే.

ఆటగది
నాకైతే ఇందులో చర్చించడానికే ఏమీ లేదు. గేమ్ 30 నుంచి 60కి వెళ్లాక వెనక్కి రావాలనిపిస్తుందా? సినిమాకి మాత్రం ఎందుకు వేరే రూలు?

పాతరీలు
@ఆటగది, గేమ్‌లో మీరు బటన్ నొక్కుతారు, దానికి జవాబు ఎంత త్వరగా వస్తే అంత మేలు. ఫ్రేములు పెరిగితే ఆ ఆలస్యం తగ్గుతుంది. సినిమాలో మీరు నొక్కేదేమీ లేదు. ఎక్కడ చూడాలో, ఎంతసేపు చూడాలో దర్శకుడే తేలుస్తాడు. రెంటినీ ఒకే గాటన కట్టకండి.

24 పవిత్రమైన అంకె అని నేను అనను. మూకీల కాలంలో వేగానికి స్థిరమైన లెక్కే లేదు. కెమెరామన్ చేత్తో తిప్పేవాడు. 1920ల చివర్లో శబ్దం వచ్చాక వేగం ఒక్కలా ఉండక తప్పలేదు, ఎందుకంటే వేగం మారితే గొంతు మారిపోతుంది. శబ్దం స్పష్టంగా రావాలి, ఫిల్ము ఎక్కువ ఖర్చు కాకూడదు. ఆ రెంటి మధ్య కుదిరిన రాజీ 24. డబ్బు లెక్కతోనే పుట్టింది, ఒప్పుకుంటాను.

కానీ ఆ తర్వాత వంద ఏళ్లకు దగ్గరగా నటన, ఎడిటింగ్, కెమెరా కదలిక, మేకప్ అన్నీ ఆ వేగం చుట్టూనే ఎదిగాయి. తెర మీద కదలిక మన ముందు జరిగే కదలిక కంటే కాస్త వేరుగా ఉండటం వల్లే, ఇది మరో లోకం అని మనసు ఒప్పుకుంటుంది. 48లో ఆ దూరం పోతుంది. సెట్‌లో నటులు నిలబడి ఉన్నట్టు కనిపిస్తుంది. 2012 ఏప్రిల్‌లో థియేటర్ యజమానుల సదస్సు సినిమాకాన్‌లో ‘ద హాబిట్’ నుంచి పది నిమిషాలు 48లో చూపించినప్పుడు చాలామంది థియేటర్ యజమానులు, విలేకరులు అన్న మాట ఇదే. సినిమా ఆ డిసెంబర్‌లో వచ్చింది. అభిప్రాయం పెద్దగా మారలేదు.

షట్టర్180
కెమెరా విభాగంలో పనిచేస్తాను. ఇక్కడ ఒక్క ఫ్రేముల సంఖ్య గురించే మాట్లాడుతున్నారు. దానితో సమానంగా లెక్కలోకి రావాల్సింది కెమెరా షట్టర్, అంటే ఒక్కో ఫ్రేముకి ఎంతసేపు వెలుగు పడనిస్తామన్నది. దాన్ని డిగ్రీల్లో చెబుతాం: 360 అంటే ఫ్రేము ఉన్నంతసేపూ, 180 అంటే అందులో సగంసేపు.

చిన్న లెక్క వేద్దాం. తెర వెడల్పు 15 మీటర్లు అనుకోండి. ఒక మనిషి రెండు సెకన్లలో తెర ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెత్తాడు. 24లో అది 48 ఫ్రేములు. అంటే ఫ్రేము ఫ్రేముకీ అతను సుమారు 31 సెంటీమీటర్లు దూకుతున్నాడు. 180 డిగ్రీల షట్టర్‌తో తీస్తే ఒక్కో ఫ్రేముకి వెలుగు పడేది సెకనులో 48వ వంతు. ఆ సమయంలో అతని బొమ్మ 15 సెంటీమీటర్ల పైచిలుకు సాగుతుంది, తర్వాత అంతే దూరం ఖాళీ. సాగుడు, ఖాళీ, సాగుడు, ఖాళీ. ఈ వరసనే మనం ‘సినిమా లుక్’ అంటున్నాం.

‘ద హాబిట్’ని 48లో, 270 డిగ్రీల షట్టర్‌తో తీశారు. వెలుగు పడే సమయం సెకనులో 64వ వంతు. దూకుడు 31 నుంచి పదహారు లోపుకి తగ్గింది. అందులో మూడు వంతులు సాగుడు, ఒక వంతే ఖాళీ. కదలిక దాదాపు ఎక్కడా తెగదు. 270 ఎందుకంటే, ఎక్కువ థియేటర్లలో ఆడాల్సింది 24 ప్రింటే. ఒక ఫ్రేము వదిలి ఒక ఫ్రేము తీసేస్తే అది 24 అవుతుంది, దానిలోనూ సాగుడు మరీ తగ్గిపోకూడదు. 180తో తీసి సగం ఫ్రేములు పడేస్తే 24లో కదలిక తెగిపోయినట్టు టకటకమని కనిపించేది. రెండు వెర్షన్లకీ పనికొచ్చే మధ్యేమార్గం అది. ఏ ఒక్కదానికీ పూర్తిగా సరిపోలేదని నా అభిప్రాయం.

కాబట్టి "48 బాలేదు" అన్నప్పుడు బాలేనిది 48 అయ్యుండొచ్చు, షట్టర్ అయ్యుండొచ్చు, లైటింగ్ అయ్యుండొచ్చు.

వెండితెర
@షట్టర్180 గారూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు, థాంక్స్. కెమెరా పక్కకి తిప్పేటప్పుడు, అదే ప్యాన్ షాట్‌లో, కంచె, చెట్లు, కిటికీ ఊచలు లాంటి నిలువు గీతలన్నీ అదురుతూ కనిపించడం కూడా దీనివల్లేనా?

షట్టర్180
దానివల్లే. అందుకే 24లో పనిచేసే కెమెరామన్లకి ఒక పాత లెక్క ఉంది. తెరలోని వస్తువు ఒక చివర నుంచి రెండో చివరకి చేరడానికి ఏడు సెకన్లయినా పట్టేలా ప్యాన్ చేయాలి. అంతకంటే వేగంగా తిప్పాలంటే ఒక మనిషినో వాహనాన్నో వెంబడిస్తూ తిప్పు, చూపు దాని మీద నిలుస్తుంది, వెనక అదిరేది పట్టదు. 24 మన చేతులు కట్టేస్తుందని అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. విశాలమైన లోయను తాపీగా కాకుండా గబుక్కున చూపించాలనుకున్న దర్శకుడు 24లో ఆ షాట్ తీయలేడు.

రీలుపెట్టె
ఇంకో ఉదాహరణ చివరి టైటిల్స్. జనం లేచి వెళ్లిపోయాక నేను చూసేది అవే. అక్షరాలు వణకకుండా పైకి పోవాలంటే ఒక్కో ఫ్రేముకి పూర్తి పిక్సెల్ లెక్కన కదలాలి. 2కె స్కోప్ (వెడల్పాటి తెర డిజిటల్ సినిమా) బొమ్మ ఎత్తు 858 పిక్సెల్‌లు. 24లో ఫ్రేముకి మూడు పిక్సెల్‌లైతే ఒక పేరు కింద నుంచి పైకి చేరడానికి 12 సెకన్లు, నాలుగైతే 9 సెకన్లు. మధ్యలో పది సెకన్లు కావాలంటే కుదరదు. అంతకంటే వేగం పెంచితే అక్షరాల అంచులు రెండుగా కనిపించడం మొదలవుతుంది. 48లో ఈ బాధ చాలావరకు పోతుంది. హెచ్ఎఫ్ఆర్ షోకి వెళ్తే చివరిదాకా కూర్చుని టైటిల్స్ చూడండి, కథతో, నటనతో సంబంధం లేకుండా తేడా ఒక్కటే కనిపిస్తుంది.

నిదానం
ఇంట్లో టీవీలో మోషన్ స్మూతింగ్ ఆన్ చేస్తే వచ్చేది కూడా హెచ్ఎఫ్ఆరే కదా? నాకు అది అస్సలు నచ్చదు. అందుకే థియేటర్లో ఆ షో జోలికి పోలేదు.

షట్టర్180
రెండూ వేరు. టీవీ చేసేది ఊహ. రెండు ఫ్రేముల మధ్య ఏం ఉండి ఉంటుందో లెక్కేసి లేని ఫ్రేమును పుట్టిస్తుంది. చెయ్యి ముఖానికి అడ్డంగా కదిలినప్పుడు వేళ్ల చుట్టూ జెల్లీలా అలుముకుంటుంది చూడండి, ఆ లెక్క తప్పిన చోటు అదే. పైగా 24 కోసం తీసిన సాగుడు అలాగే ఉంటుంది, కదలిక మాత్రం నున్నగా ఉంటుంది. ఆ పొత్తు కుదరదు. థియేటర్ హెచ్ఎఫ్ఆర్‌లో ప్రతి ఫ్రేమూ కెమెరా తీసినదో, కంప్యూటర్‌లో ఆ క్షణం కోసమే చేసినదో.

టీవీల్లో ఆ ఆప్షన్ ఒక్కో కంపెనీ ఒక్కో పేరుతో పెడుతుంది: మోషన్‌ఫ్లో, ట్రూమోషన్, ఆటో మోషన్ ప్లస్. 2018 డిసెంబర్‌లో టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీ కలిసి దాన్ని ఆఫ్ చేయమని వీడియోలో జనాన్ని కోరారు. మరుసటి ఏడాది టీవీ కంపెనీలున్న ఒక కూటమి ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ ప్రకటించింది. అది పెడితే స్మూతింగ్ దానంతటదే ఆగిపోతుంది. మీ టీవీలో ఉంటే వాడండి.

పాతరీలు
తయారయ్యే తీరు వేరన్నది నిజమే. చూసేవాడి మనసులో కలిగే భావం మాత్రం ఒకటే అంటాను. ఏళ్ల తరబడి టీవీ స్టూడియో కార్యక్రమాలు వీడియో టేపు మీద సెకనుకి 50 లేదా 60 ఫీల్డులతో (ఒక్కో ఫీల్డు అంటే గీతల్లో సగం ఉన్న బొమ్మ) వచ్చాయి. వార్తలు, క్రికెట్, సీరియళ్లు అన్నీ అంతే. సినిమా ఒక్కటే 24. నున్నటి కదలిక అంటే ‘ఇది ఇప్పుడు, ఇక్కడ జరుగుతోంది’ అని మనకి అలవాటైపోయింది. ఆ అలవాటును పక్కన పెట్టి రమ్మని ప్రేక్షకుణ్ణి అడగడం న్యాయం కాదు.

ఆటగది
అది మీ తరం అలవాటు అండీ. ఫోన్లో 60 ఫ్రేముల వీడియోలు చూస్తూ పెరిగినవాళ్లకి నున్నటి కదలిక చూస్తే సీరియల్ గుర్తు రాదు.

పిక్సెల్‌పని
వీఎఫ్ఎక్స్ వైపు నుంచి రెండు మాటలు.

రెండున్నర గంటల సినిమా 24లో 2,16,000 ఫ్రేములు. 48లో 4,32,000. త్రీడీ అయితే రెండు కళ్లకీ వేర్వేరుగా, 8,64,000. రెండర్ సమయం, స్టోరేజీ ఎలాగో పెరుగుతాయి, వాటికంటే మనిషి చేత్తో చేసే పని ఎక్కువ బాధ పెడుతుంది. రోటో (బొమ్మ అంచు గీసి వేరు చేయడం), పెయింట్ (అక్కర్లేనివి చెరపడం), ట్రాకింగ్ (కదలికను వెంబడించడం)... నటుడి జుట్టు చుట్టూ గీత ప్రతి ఫ్రేములో సరిగ్గా కూర్చోవాలి. 24లో కదలిక సాగుడు మా తప్పుల్ని కప్పేది. 48లో సాగుడు తగ్గుతుంది, అంచు పదునవుతుంది. చెయ్యి విసిరిన షాట్‌లో అంచు ఒక పిక్సెల్ అటూ ఇటూ అయినా కనిపిస్తుంది. పని రెట్టింపు, దాక్కునే చోటు సగం. గడువు మాత్రం అంతే ఉంటుంది.

అందుకని మొత్తం 48లో ఉంచాలన్న @వెండితెర మాటతో నేను ఏకీభవించలేను. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే సీనులో రెట్టింపు ఫ్రేముల వల్ల ప్రేక్షకుడికి కొత్తగా ఏం దక్కుతుంది? ‘అవతార్’ దర్శకుడు కామెరాన్ చెప్పిన కారణం కూడా ఇదే. అలాంటి చోట 48 పెడితే అతిగా వాస్తవంగా కనిపించి సీనుకే అడ్డొస్తుందని, త్రీడీకి అవసరమైన చోటే వాడామని.

వెండితెర
ఖర్చు సంగతి అర్థమైంది. కానీ నా బాధ తీరలేదు. మాట్లాడే సీనుకి 48 అక్కర్లేదన్నారు, సరే. కానీ అదే సీనులో, ఒకే చోట, ఒక షాట్ 48, పక్క షాట్ 24 పెట్టడం ఎందుకు? మారాలంటే సీను మారినప్పుడు మారొచ్చుగా.

పిక్సెల్‌పని
ఆ మాట నిజం. సీను మధ్యలో మార్చడం నాకూ నచ్చదు.

మధ్యేమార్గం ఒకటుంది. ఆ సినిమాకే పిక్సెల్‌వర్క్స్ వాళ్ల ట్రూకట్ మోషన్ వాడారు. రంగులకి గ్రేడింగ్ ఎలాగో కదలికకి అలాంటిది. ఏ షాట్‌లో ఎంత గతుకు ఉండాలి, ఎంత సాగుడు ఉండాలి అన్నది షాట్ షాట్‌కీ సర్దుకోవచ్చు. కాబట్టి ఇటు పూర్తి 24, అటు పూర్తి 48 అనే రెండు గట్లే ఉండాల్సిన పనిలేదు. ఒడ్డు దిగి నీళ్లలోకి వెళ్లే నాలుగైదు షాట్లలో కొంచెం కొంచెంగా నున్నన చేసుకుంటూ పోవచ్చు. 2023లో ‘టైటానిక్’ త్రీడీలో మళ్లీ వచ్చినప్పుడు కూడా హెచ్ఎఫ్ఆర్ వెర్షన్ ఈ పద్ధతిలోనే చేశారు. 1997 నాటి 24 ఫ్రేముల సినిమా అది.

పాతరీలు
అంటే ఉన్న ఫ్రేముల మధ్య లేనివి పుట్టించారు. టీవీని తిట్టి దీన్ని మెచ్చుకోవడం ఎలా?

పిక్సెల్‌పని
మంచి ప్రశ్న. తేడా ఎవరు నిర్ణయిస్తున్నారన్నదే. టీవీ అన్ని షాట్లకీ ఒకే మోతాదు వేస్తుంది, ఏ షాట్ ఏమిటో దానికి తెలియదు. ఇక్కడ ఒక మనిషి కూర్చుని షాట్ చూసి మోతాదు తేల్చాడు, దర్శకుడు చూసి ఓకే చేశాడు. అయినా పాత సినిమాలకి చేయకుండా ఉంటేనే మంచిదని నా ఇష్టం.

సులోచనం
ఇంతకుముందు ఇక్కడ ఎప్పుడూ రాయలేదు, చదువుతుంటాను. నాకు ఒక సాయం కావాలి. మా అమ్మకి త్రీడీ సినిమా చూస్తే అరగంటకే తలనొప్పి, కళ్లు లాగడం. చూడాలని మాత్రం చాలా ఇష్టం. హెచ్ఎఫ్ఆర్ త్రీడీ అయితే తగ్గుతుందా, ఇంకా ఎక్కువవుతుందా? ఆవిడ మామూలుగా కూడా కళ్లద్దాలు పెట్టుకుంటారు.

రీలుపెట్టె
@సులోచనం గారూ, త్రీడీ ఎలా పడుతుందో చెబితే మీకే తెలుస్తుంది. ఒకే ప్రొజెక్టర్ ఎడమ కంటి బొమ్మ, కుడి కంటి బొమ్మ మార్చి మార్చి వేస్తుంది. 24 ఫ్రేముల త్రీడీలో ఒక్కో బొమ్మను మూడేసి సార్లు వేస్తాం. రెండు కళ్లకీ కలిపి సెకనుకి 144 సార్లు. కదిలే వస్తువును కన్ను వెంబడిస్తూ ముందుకి పోతుంది, తెర మీద బొమ్మ మాత్రం ఆ మూడుసార్లూ ఒకే చోట ఉంటుంది. అందుకే అంచు రెండు మూడుగా కనిపిస్తుంది. పైగా తీసేటప్పుడు రెండు కళ్ల బొమ్మలూ ఒకే క్షణంలో తీసి, చూపేటప్పుడు ఒకదాని తర్వాత ఒకటి వేస్తున్నాం. వేగంగా కదిలే వస్తువు లోతు మెదడుకి తప్పుగా అందుతుంది. ఇవన్నీ కలిసి శ్రమ పెడతాయి. 48లో ఈ రెండు లోపాలూ తగ్గుతాయి. అందుకే హెచ్ఎఫ్ఆర్ వల్ల అసలు లాభం త్రీడీలోనే అంటాను. టూడీలో లాభం ఉంది, కానీ అంత కాదు.

అయితే త్రీడీతో వచ్చే శ్రమలో కొంత ఫ్రేములతో సంబంధం లేనిది. కళ్లు రెండూ తెర ముందుకి పొడుచుకొచ్చిన వస్తువు మీద కలుస్తాయి, ఫోకస్ మాత్రం తెర మీదే ఉండాలి. అది 48లోనూ ఉంటుంది, 120లోనూ ఉంటుంది. అమ్మగారికి బాధ దానివల్లయితే హెచ్ఎఫ్ఆర్ తీర్చలేదు.

షట్టర్180
సీటు విషయంలో: తెరకి సరిగ్గా మధ్యలో, సగానికి కాస్త వెనక వరసలో కూర్చోబెట్టండి. ముందు వరసలో కదలిక దూకుడు కంటికి ఎక్కువ కోణంలో పడుతుంది. తల పక్కకి వాల్చకుండా చూడాలి, తల వాలితే రెండు బొమ్మలూ ఒకదానికంటే ఒకటి పైకి కిందకి జరిగినట్టవుతాయి, కళ్లు వాటిని కలపడానికి చాలా కష్టపడతాయి. త్రీడీ అద్దాలు ఆవిడ కళ్లద్దాల మీద జారిపోతుంటే అదీ ఇబ్బందే.

ఆటగది
టూడీ షో ఉంటే అదే మేలు కదా ఆవిడకి?

సులోచనం
టూడీ అయితే ఏ బాధా లేదు. కానీ "అందరూ చూసేది నేనూ చూస్తా" అంటారు. మధ్య సీటు దొరికితే హెచ్ఎఫ్ఆర్ త్రీడీకి తీసుకెళ్తాను. ఇబ్బంది అనిపిస్తే మధ్యలో కళ్లు మూసుకుని కాసేపు ఆగమని చెబుతాను. ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ.

నిదానం
48 దగ్గరే ఎందుకు ఆగారు? 60, 120 ఎవరూ ప్రయత్నించలేదా?

పాతరీలు
చాలా ముందే ప్రయత్నించారు. 1955లో ‘ఓక్లహోమా!’ టాడ్-ఏఓ పద్ధతిలో 70 ఎంఎం కోసం సెకనుకి 30 ఫ్రేములతో వచ్చింది. స్పెషల్ ఎఫెక్ట్స్ నిపుణుడు, దర్శకుడు డగ్లస్ ట్రంబుల్ 70 ఎంఎం మీద సెకనుకి 60 ఫ్రేములతో షోస్కాన్ తయారుచేశాడు. ‘బ్రెయిన్‌స్టార్మ్’ను దాంతోనే తీయాలనుకున్నాడు, కుదరలేదు, 1983లో ఆ సినిమా మామూలు వేగంతోనే విడుదలైంది. ఆయన 2022లో కన్నుమూశాడు. 24ని ఇష్టపడే నాకు కూడా ఆయనంటే గౌరవం. ఫ్రేముల వేగాన్ని ఆయన సౌకర్యంగా చూడలేదు, భావం కలిగించే సాధనంగా చూశాడు.

120 ఆంగ్ లీ చేశాడు. 2016లో ‘బిల్లీ లిన్స్ లాంగ్ హాఫ్‌టైమ్ వాక్’, 2019లో ‘జెమిని మ్యాన్’. మొదటిది 120 ఫ్రేములు, 4కె, త్రీడీ మూడూ కలిపి చూపగలిగిన థియేటర్లు లోకం మొత్తం మీద అయిదే. దర్శకుడు ఏం తీశాడో దాదాపు ఎవరూ చూడలేదన్న మాట. అలాంటప్పుడు సినిమా బాగుందో లేదో ఎలా తేలుస్తాం? ఆ విషయంలో ఆయనకి అన్యాయం జరిగిందనే అనుకుంటాను.

రీలుపెట్టె
థియేటర్ల వైపు కారణం కూడా ఉంది. మొదట్లో డిజిటల్ ప్రొజెక్టర్లకి సినిమా ఫైలు నడిపే సర్వర్ బయట ఉండేది, మధ్యలో కేబుల్ మీద అంత డేటా పోయేది కాదు. హెచ్ఎఫ్ఆర్ త్రీడీ కావాలంటే ప్రొజెక్టర్ లోపలే కూర్చునే మీడియా బ్లాక్ కొనాల్సి వచ్చింది. ఏడాదికో రెండేళ్లకో ఒక సినిమా కోసం ఎవరు కొంటారు?

ఇప్పుడు ఇంకో సంగతి ముంచుకొస్తోంది. మామూలు తెర వెలుగు ప్రమాణం 48 నిట్లు (నిట్ అంటే తెర వెలుగును కొలిచే యూనిట్, ఫ్రేముల 48తో దీనికి సంబంధం లేదు). కొత్త ఎల్ఈడీ తెరలు హెచ్‌డీఆర్‌లో (వెలుగు నీడల తేడాను ఎక్కువగా చూపే పద్ధతిలో) 300 నిట్ల దాకా పోతాయి. వెలుగు పెరిగేకొద్దీ 24లోని గతుకు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మసక తెర మీద చెల్లిపోయిన ప్యాన్ షాట్ ఆ తెర మీద చెల్లదు.

పాతరీలు
ఇది నేను ఆలోచించని కోణం. 24ని కాపాడుకోవాలంటే తెర వెలుగును కూడా కాపాడుకోవాలన్న మాట.

షట్టర్180
లేదా ఎల్ఈడీ తెర కోసం ప్యాన్లు ఇంకా నెమ్మదిగా తీయాలి. లేదా ఆ షాట్లకి మాత్రం @పిక్సెల్‌పని చెప్పినట్టు గతుకు సర్దుకోవాలి. షూటింగ్‌లో మానిటర్ మీద చూసి ఓకే అనుకున్న షాట్ పెద్ద తెర మీద ఎలా ఉంటుందో అక్కడికక్కడ తెలియదు. కాబట్టి వేగంగా తిప్పే ప్యాన్లు ఉన్న రోజు 48లో ఒక టేక్ అదనంగా తీసి పెట్టుకోమని నేను అడుగుతుంటాను. డేటా పెరుగుతుందని ప్రొడక్షన్ వాళ్లు గొణుగుతారు. అయినా అడుగుతాను.